కల్చర్ బార్

గోడ మీది తెరలో పచ్చ గీత నలభై తొమ్మిది శాతం దగ్గర ఆగిపోయి పదహారు రోజులైంది. దాన్ని చూసి చూసి విసిగిపోయిన డాక్టర్ పరంజ్యోతి, సీరియల్ రచయిత్రి నాంచారమ్మని ల్యాబ్‌కి పిలిపించాడు.

ఆ గీత సంగతి ముందు చెప్పాలి. పూర్వం భూమ్మీద జనం కంప్యూటర్లలో గ్రహాలు గెలిచే ఆటలు ఆడేవారు. వాటిలో బాంబులు వెయ్యకుండా గెలిచే దారి ఒకటుండేది. మన పాటలు, తిండి, పద్ధతులు శత్రువుకి అలవాటు చేస్తే చాలు. ఎంతవరకు అలవాటయ్యాయో చూపే గీత, అంటే కల్చర్ బార్, నిండగానే ఆ గ్రహం దానంతటదే మన రంగులోకి మారేది. చిన్నప్పుడు ఆ ఆటల పిచ్చిలో పడ్డ పరంజ్యోతి, పెద్దయ్యాక ఆ బార్‌ని నిజంగానే తయారుచేశాడు. బృహస్పతి చందమామ కాలిస్టోలో మనవాళ్లుంటే, పక్క చందమామ గానిమీడ్‌లో శత్రువులున్నారు. అతని యంత్రం మన సీరియల్‌ని వాళ్లకి ప్రసారం చేస్తుంది. వాళ్ల రేడియో కబుర్లు విని, ఎంతవరకు మనలా మారారో చెబుతుంది.

నాంచారమ్మకి ఈ శాతాలతో పని లేదు. ఆవిడ కొడుకు ముకుందు, సరుకుల నౌక నడిపేవాడు, రెండేళ్లుగా గానిమీడ్‌లో ఖైదీ. ఖైదీలకీ తమతో సమానంగా గాలి పంచే జనం వాళ్లు. దాన్ని కాలిస్టోలో చేతకానితనం అనేవారు. గానిమీడ్ లొంగితే ముకుందు ఇంటికొస్తాడు. ఆ ఆశతోనే ఆవిడ ‘ఏడో డోము కోడళ్లు’ ఆరు వందల ఎపిసోడ్లు రాసింది.

"వాళ్లు మన చారు కాస్తున్నారు, మన చీరలు కడుతున్నారు, సీమంతాలు కూడా చేస్తున్నారు," అన్నాడు పరంజ్యోతి. "అయినా బార్ కదలదే! తిండీ బట్టా చాలవండీ. మనం మంచి అనుకునేదాన్నే వాళ్లూ మంచి అనుకోవాలి."

"త్యాగం రాయనా డాక్టరు గారూ? కలిసి ఏడిస్తే మనవాళ్లయిపోతారు."

"మీ ఇష్టం. త్వరగా రాయండి."

రాసింది. సీరియల్లో జనముండే గాలి గుమ్మటం, ఆ ఏడో డోములో, ఆక్సిజన్ ప్లాంటు చెడిపోతుంది. పసిపిల్లల వార్డుకి గాలి చాలదని కోడలు ఇందుమతి గుండె రాయి చేసుకుని, ఖైదీల గదికెళ్లే పైపు కట్టేస్తుంది. కాలిస్టోలో ఇదేం వింత కాదు. ఇక్కడ అది చట్టం, బళ్లో నేర్పే పాఠం. రాసేటప్పుడు ఆవిడకి కొడుకు గుర్తు రాలేదా అంటే, క్షణక్షణం వచ్చాడు. బార్ నిండాలనే అంత మనసు పెట్టి రాసింది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న పద్ధతిలో తప్పుందని తట్టలేదు పాపం.

ఆ ఎపిసోడ్‌కి గానిమీడ్ మూడు రోజులు ఏడ్చింది. బార్ వారంలో ఎనభై దాటింది. నెల తిరిగేసరికి అక్కడ మన జెండా ఎగిరింది.

నౌక వచ్చిన ఉదయం నాంచారమ్మ పులిహోర డబ్బాతో రేవుకి వెళ్లింది. దిగింది ఒక్కడే, బొట్టు పెట్టుకున్న గానిమీడ్ అధికారి. వెంట వచ్చిన పరంజ్యోతి ఆవిడ పేరు చెప్పగానే, ఆ అధికారి ఆవిడ కాళ్లకి దణ్ణం పెట్టాడు.

"అమ్మా, ఒక్క ఎపిసోడ్ కూడా వదల్లేదు. మా పాపకి ఇందుమతి అనే పేరు పెట్టుకున్నాం."

"మా అబ్బాయేడి బాబూ? ముకుందు, ఖైదీ."

అతని మొహం గర్వంతో వెలిగింది. "జెండా మార్చే ముందు వారం మా ప్లాంటు ఆగిపోయిందమ్మా. వెనకటికైతే ఉన్న గాలి అందరం తలా కాస్త పంచుకుని ఉక్కిరిబిక్కిరయ్యేవాళ్లం. ఈసారి మీరు చూపించినట్టే చేశాం. పైపు నేనే కట్టేశాను. పిల్లలంతా క్షేమం. మీ చలవేనమ్మా."

నాంచారమ్మ పులిహోర డబ్బాని గుండెకి హత్తుకుని భోరుమంది. ఆవిడెందుకు ఏడుస్తోందో ఆ అధికారికి అర్థం కాక, ఆనందమే అనుకున్నాడు.

మధ్యాహ్నం కాలిస్టో రేడియో విజయం ప్రకటించింది. ఒక్క తూటా పేలలేదనీ, ప్రాణనష్టం సున్నా అనీ చెప్పింది. పోయిన ఖైదీలని ప్రాణనష్టంలో కలిపే పద్ధతి కాలిస్టోలో ఎప్పుడూ లేదు. ఇప్పుడు గానిమీడ్‌లోనూ లేదు.