సొరంగంలో కదిలిన బాణం

కొండ కిందుగా తవ్విన ఆ సొరంగానికి మంచి పేరు లేదు. చీకటి పడితే లారీ డ్రైవర్లు కూడా కొండ చుట్టూ తిరిగి వెళ్ళేవాళ్ళే తప్ప అందులో దూరేవాళ్ళు కాదట. ఎందుకని అడిగితే ఎవరూ తిన్నగా చెప్పరు... మాట మార్చేస్తారు.

మన సర్వేయరు ఇలాంటివి నమ్మే రకం కాదు. కొలిచి చూపిస్తే తప్ప దేవుణ్ణయినా ఒప్పుకోడు. కారు కొన్నప్పుడూ అదే వరస. "బావా, కారులో బిగించి ఇచ్చే దారి చూపే నావిగేషన్ తెర దండగ. అద్దానికి అతికించుకునేది చాలు, కొత్త దారులు ఎప్పటికప్పుడు ఎక్కించుకోవచ్చు," అని కార్ల సామాను అమ్మే బావమరిది చెవినిల్లు కట్టుకుని చెప్పాడు. వింటేనా? బిగించినదైతే ఆకాశం కనబడని చోట కూడా చక్రాల తిరుగుడు లెక్కపెట్టుకుని దారి చెబుతుందని దాన్నే కొన్నాడు. బావమరిది ఊరుకోక చిన్నదాన్ని కూడా తెచ్చి అద్దానికి అతికించి పోయాడు.

ఆ రాత్రి సర్వేయరు కూతురికి ఆయాసం ముదిరింది. పీల్చే మందు అయిపోయింది. చివరికి కొండకి అవతల ఒక షాపులో దొరికితే, పొట్లం పక్క సీటులో పెట్టుకుని ఇంటికి బయల్దేరాడు.

సొరంగం ముందు, అద్దానికి అతికించిన చిన్న తెర కొండ చుట్టూ వెళ్ళమంది — యాభై నిమిషాలు. బిగించినది లోపలినుంచే పొమ్మంది — పదిహేను. అంతలో భార్య ఫోన్.

"ఏవండీ... ఎక్కడిదాకా వచ్చారు? దానికి మాట కూడా రావట్లేదు."

ఇంక ఆలోచించలేదు. కారు సొరంగంలోకి తిప్పాడు.

సగం దూరం పోయాడో లేదో ముందు పెళపెళమని రాళ్ళు కూలాయి. వెనక్కి తిప్పబోతే... వెనకా అంతే. సొరంగంలో దీపాలన్నీ ఆరిపోయాయి. గోళ్ళు ఊడేదాకా రాళ్ళు లాగాడు, గొంతు పోయేదాకా అరిచాడు. గాలి బరువెక్కింది. కూతురి ముఖం గుర్తొచ్చి, కార్లోకి వచ్చి కూలబడ్డాడు.

చిన్న తెర సిగ్నల్ వెతుకుతూనే ఉంది. బిగించినదాని తెర మీద మాత్రం... బాణం కదిలింది.

కారు ఆగే ఉంది. చక్రం అంగుళం తిరగలేదు. బాణం సొరంగం దాటింది... పెట్రోలు బంకు దగ్గర ఎడమకి తిరిగింది... తమ వీధిలోకి వచ్చింది. ఆపే మీట నొక్కాడు — తెర ఆరలేదు. చిన్నదైతే పీకి అవతల పారేసేవాడు. దీన్ని ఎక్కడని పీకుతాడు?

"మీరు ఇల్లు చేరుకున్నారు," అంది అది.

భార్యకి ఫోన్ చేశాడు. ఎలాగో కలిసింది.

"నేను ఇరుక్కుపోయానే... పాపకెలా ఉంది?"

ఆవిడ గుసగుసగా అంది, "మందు పీల్చాక తేరుకుంది. ఇప్పుడే పడుకుంది."

"మందా? మందు నా దగ్గరుంటే—"

పక్క సీటు తడిమాడు. ఖాళీ.

కూతురు బతికిందని ముందు ఏడుపొచ్చింది అతనికి. ఆ తరవాతే ఒళ్ళు జల్లుమంది.

"ఎవరు తెచ్చారే?"

"మా ఆయనే తెచ్చారు. దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని ఎదురుగానే ఉన్నారు." ఆవిడ గొంతు ఇంకా తగ్గించింది. "ఆయన నంబరుతో మాట్లాడుతున్నారు... ఎవరండీ మీరు?"

అవతల ఎవరో దగ్గారు. "ఎవరే ఫోన్లో?" అని అడిగిందా గొంతు — అచ్చం తనదే.

"ఎవరో రాంగ్ నంబరండీ," అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.