మిల్లు కాళ్ల దగ్గర అన్నం ముద్ద

మనివన్ మెట్లెక్కి వచ్చేసరికి ఇన్‌పెంగ్ పొద్దుటి కాఫీ సగం కూడా తాగలేదు. ముప్పై ఏళ్లు పోలీసు ఉద్యోగం చేసి, ఇప్పుడు సవన్నఖేత్ పట్నంలో సొంతంగా కేసులు చూసుకుంటున్న మనిషి ఆయన. కూర్చోమన్నా ఆమె కూర్చోలేదు.

"మా ఆయన్ని దొంగంటున్నారు పెద్దయ్యా! నిన్న మిల్లు బెల్టు పోయింది. రేపు మధ్యాహ్నంలోగా దొరక్కపోతే జైల్లో వేస్తారట. నాకు కాళ్లూ చేతులూ ఆడట్లేదు."

"ఏ ఊరమ్మా?"

"నాహై."

ఇన్‌పెంగ్ కప్పు కింద పెట్టేశాడు. మళ్లీ దాన్ని ముట్టుకోలేదు. సహాయకుడు బున్‌లోమ్ అది గమనించాడు. ఈ పాత కానిస్టేబులుకి ఇన్‌పెంగ్ అంటే దేవుడే. ఆయన దగ్గినా అందులో ఏదో ఎత్తు ఉందనుకునే రకం.

ఆ వడ్ల మిల్లుని మూడు నెలల క్రితం విదేశీ సాయం కింద ఊరికిచ్చారు. దేశం వ్యాపారానికి తలుపులు తెరిచింది గదా, ఊరివాళ్లే కిరాయికి నడుపుకుని సొంత కాళ్ల మీద నిలబడాలని ఒప్పందం. నడిపేది మనివన్ మొగుడు ఫూవియెంగ్.

నాహైలో ఊరిపెద్ద ఎదురొచ్చాడు. "ఓహో, మీరా! రెండేళ్లయింది చూసి. మళ్లీ బాతు కోయించమంటారా?" అని పకపకా నవ్వాడు. ఇన్‌పెంగ్ నవ్వలేదు.

సాయం ఆఫీసు నుంచి వచ్చిన కరీన్ మిల్లు గుమ్మంలోనే నిలబడి ఉంది. పరాయి దేశస్తురాలైనా ఆమెకి ఇక్కడి భాష బాగానే వచ్చు. "తాళంచెవి ఇతని దగ్గరే ఉంటుంది. పట్నంలో అమ్మేసి ఉంటాడు," అంది ఫూవియెంగ్‌ని చూపిస్తూ.

"అన్నానికి వెళ్తూ తలుపు వెయ్యలేదు పెద్దయ్యా," అన్నాడు ఫూవియెంగ్. "తప్పంటే అదే నా తప్పు. అయినా ఇలాంటి మిల్లు ఈ చుట్టుపక్కల ఇంకోటి ఉంటేగా! కొన్నవాడు ఆ బెల్టు నడుముకి చుట్టుకుంటాడా?"

ఇన్‌పెంగ్ వంగి మిల్లు కింద చూశాడు. అరిటాకు పొట్లంలో వాడిన పూలు, జంట మైనపు వత్తులు, ఎండిపోతున్న జిగురన్నం ముద్ద. పెద్దల్ని క్షమించమని అడిగేటప్పుడు పెట్టే పొట్లమది.

"పొద్దున లేదిది. నేను ఊడ్చాను," అన్నాడు ఫూవియెంగ్ ఆశ్చర్యంగా. "అంటే నిన్న పొద్దున."

"అమ్మో! దొంగిలించి, మిషన్ కాళ్లు పట్టుకున్నాడా!" అన్నాడు బున్‌లోమ్.

"అమ్ముకునేవాడు ఎక్కడైనా కాళ్లు పట్టుకుంటాడటోయ్?" ఇన్‌పెంగ్ ముద్దని విరిచి వెలుతురులో చూశాడు. మెతుకుల మీద ఇంకా ఎర్రటి పొర ఉంది. దాన్ని మళ్లీ పొట్లంలో చుట్టి తన దగ్గరే ఉంచుకున్నాడు.

"రేపు అందరం ఇక్కడే భోంచేద్దాం," అన్నాడు. "ఎవరి అన్నం బుట్ట వాళ్లు తెచ్చుకోండి. ఏ ఇల్లూ తప్పకూడదు."

మర్నాడు మిల్లు ముందు చాపలు పరిచారు. మూతలు లేచాయి. ఏ బుట్ట చూసినా అన్నం మల్లెపూవులా తెల్లగా ఉంది. వాగు అవతల ఒంటరిగా ఉండే ముసలి ఒన్‌సీ మాత్రం బుట్టని ఒళ్లోనే పెట్టుకుంది.

"నాకాకలి లేదు తమ్ముడూ," అంది.

"మిల్లు ఆడిస్తే బియ్యం తెల్లబడుతుంది. మూడు నెలలుగా ఊరంతా అదే తింటోంది," అన్నాడు ఇన్‌పెంగ్ మెల్లగా. "పొట్లంలో ముద్ద దంపుడు బియ్యానిది. బెల్టు తీసిన మనిషికి డబ్బు అక్కర్లేదు, మిల్లు ఆగాలి. ఈ ఊళ్లో ఇంకా దంచుకుంటున్నదెవరు అక్కా?"

ఒన్‌సీ భోరుమంది. "నా రోట్లోనే ఉంది, తవుడు కింద. ఇన్నేళ్లూ ఈ ఊరి వడ్లన్నీ నేనే దంచా. తవుడూ నూకలూ నాకే ఇచ్చేవాళ్లు. మిల్లొచ్చాక ఒక్కరూ రాలేదు. తవుడు లేక, మేపలేక ఉన్న పందినీ అమ్మేశా. నాలుగు రోజులు ఆగితే మళ్లీ వస్తారనుకున్నా." ఫూవియెంగ్ వైపు తిరిగింది. "నీ మీద పడుతుందనుకోలేదు నాన్నా. చెప్పడానికి రెండుసార్లు వాగు దాకా వచ్చి, భయమేసి వెనక్కిపోయా. నిన్నట్నుంచి ముద్ద దిగట్లేదు."

మనివన్ మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇకనుంచి మిల్లు తవుడంతా పెద్దమ్మకే," అన్నాడు ఫూవియెంగ్. ఊరిపెద్ద తలూపాడు.

కరీన్ మాత్రం కాయితాలు తిరగేస్తోంది. "మిల్లు ఇవ్వకముందే ఇంటింటికీ తిరిగి అడిగించాం. బతుకు పోయేవాళ్లు ఎవరూ లేరని ఇక్కడ రాసుంది."

"రాసింది నేనే," అన్నాడు ఇన్‌పెంగ్.

బున్‌లోమ్ ఇదీ ఆయన ఎత్తుల్లో ఒకటనుకున్నాడు.

"పోలీసు ఉద్యోగం వదిలిన కొత్తలో మీ ఆఫీసుకి ఆ పని చేశాను. పెద్దాయన బాతు వండించాడు. కడుపు నిండా తిన్నాను. ఇంతలో వాన. వాగు దాటితే ఇంకొక్క ఇల్లే ఉంది. ఇక్కడే కూర్చుని 'ఎవరూ లేరు' అని రాసేశాను. ఇవాళ ఈమెని దొంగని చేసింది నేను."

వాడిన పూల పొట్లాన్ని రెండు చేతులా పట్టుకుని ఆయన ఒన్‌సీ ముందు మోకరిల్లాడు.

ఒన్‌సీ కళ్లు తుడుచుకుని బుట్ట మూత తీసింది. ఎర్రటి అన్నాన్ని ఆయన ముందుకు జరిపింది.

"తిను తమ్ముడూ. ఆ రోజు కాయితాలాయన ఇంటింటికీ వస్తున్నాడన్నారు. వాన వెలిసేదాకా గుమ్మంలోనే కూర్చున్నా. నీక్కూడా కలిపే వండా."