తనూష తన్నిన బంతి

"అబ్బా! గంత దూరం ఎవడు ఉరుకుతడు?" అని ప్రణీత్ తెలుగులోనే విసుక్కున్నాడు.

మలేసియాలో, జార్జ్ టౌన్‌లోని ఆ చిన్న కాలేజీకి ఒకటే మైదానం. సగంలో అమ్మాయిలు ఫుట్‌బాల్ ఆడుకుంటారు. మిగతా సగం అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌ది. రెండు కొనలూ మొనదేలి ఉండే ఆ టీమ్ బంతి దొర్లుకుంటూ అమ్మాయిల వైపు వెళ్లిపోయింది.

ఉరకాల్సిన పని పడలేదు. బిగించి జడ వేసుకున్న ఒకమ్మాయి రెండడుగులు వెనక్కి వేసి బంతిని ఒక్క తన్ను తన్నింది. అది ప్రణీత్ తల మీదుగా వెళ్లి, గోల్ స్తంభాల నడుమ నుంచి దూసుకుపోయి, కంచె అవతల పడింది.

"ఎవరు కొట్టిన్రు?" అని అరిచాడు ప్రణీత్.

"నానే తన్నినాను. ఏటి, తప్పా?"

ప్రణీత్‌కి నవ్వు ఆగలేదు. కరీంనగర్ నుంచి చదువుకోవడానికి వచ్చినప్పటి నుంచి మలయ్, తమిళం, ఇంగ్లిష్ తప్ప ఇంకో మాట చెవిన పడలేదు. ఇప్పుడు మైదానం మధ్యలో తెలుగు! అదీ ఇంత ముద్దొచ్చే తెలుగు!

ఆ అమ్మాయి మొహం ఎర్రబడింది. "నా మాట నీకు నవ్వులాటా? మా ముత్తాత శ్రీకాకుళం నుంచి తెచ్చినాడు ఈ మాట. పో, నీ బంతి నువ్వే తెచ్చుకో లా!" అంది, చివర్న మలేసియా వాళ్ల 'లా' తగిలించి.

ఆమె పేరు తనూష అని కనుక్కుని, మర్నాడు ప్రణీత్ ఆమె క్లాసు బయట నిలబడ్డాడు. పక్కన తన టీమ్ కోచ్ ఇళంగోవన్ కూడా ఉన్నాడు.

"నిన్న సంతోషంతోని నవ్విన, ఎగతాళికి కాదు. సారీ," అన్నాడు ప్రణీత్. "మా టీంల చేరవా? బంతిని స్తంభాల నడుమకెళ్లి తన్నేటోళ్లు లేకనే రెండు మ్యాచులు ఓడిపోయినం."

"మీ ఆటలో మనుషుల మీద మనుషులు పడతారు. నా ఎముకలు నాకు కావాల," అంది తనూష.

"నీ ముంగట మేమందరం ఉంటం కదా."

అతని మొహం చూసి ఆమెకు నవ్వొచ్చింది. "సరే. ఒక్క వారం సూస్తాను."

ప్రణీత్ పని మోకాలి మీద కూర్చుని, వచ్చిన బంతిని అందుకుని, నేల మీద నిలబెట్టి వేలితో ఆపడం. తనూష పని పరుగెత్తుకొచ్చి దాన్ని తన్నడం. మొదటి రోజే ఆమె బూటు అతని వేలికి తగిలింది. అతను కిక్కురుమనలేదు. ప్రాక్టీసు అయ్యేసరికి వేలు వంకాయలా వాచింది.

"సెప్పలేదేటి?"

"చెప్తే నువ్వు మళ్ల గట్టిగ తన్నవు."

తనూష రోడ్డు దాటి వెళ్లి, ప్లాస్టిక్ సంచిలో కట్టించిన ఐస్ టీ తెచ్చింది. ఆ చల్లని సంచిని అతని వేలికి ఆనించింది.

"ఇది తాగనీకి కాదా?"

"ముందు వేలికి. తరవాత నోటికి."

ఆ వారం గడిచిపోయింది. ఆమె వెళ్లిపోతానన్న మాటే ఎత్తలేదు.

తర్వాత ఇపో నగరంలో ఆడి గెలిచారు. ఎవరూ లెక్కచెయ్యని వీళ్ల చిన్న కాలేజీ టీమ్ ఆ తర్వాత కూడా గెలిచింది. సెమీఫైనల్లో మాత్రం, బంతి తన్నాక ఒక భారీ మనిషి తనూషని ఢీకొట్టాడు. ఆమె ఎగిరి పడింది. నవ్వుతూనే లేచింది గానీ, ప్రణీత్ ఆగలేక కోచ్ దగ్గరికి పరిగెత్తాడు.

"సర్, ఫైనల్‌ల ఆమెను దింపకుండ్రి," అన్నాడు.

వెనకే నిలబడిన తనూష ఆ మాట వింది. "నా మీద నమ్మకం లేదా?"

ఆ రోజు నుంచి ఆమె ప్రాక్టీసుకి వచ్చేది, తన్నేది, వెళ్లిపోయేది. మాట లేదు.

ఫైనల్ కౌలాలంపూర్‌లో. ఎదురుగా పెద్ద కాలేజీ. మొదటి నుంచీ వాన. ఆట ముగిసే వేళకు వీళ్లు రెండు పాయింట్లు వెనకబడి ఉన్నారు. బంతి స్తంభాల నడుమ నుంచి వెళ్తే మూడు పాయింట్లు. ప్రణీత్ మాట మన్నించి అప్పటిదాకా తనూషని దింపని కోచ్, ఇప్పుడేమంటావన్నట్టు అతని వైపు చూశాడు.

ప్రణీత్ నేరుగా బెంచీ దగ్గరికి వెళ్లాడు. "తనూషా, రా."

"నాను పడిపోతానని బయం లేదేటి?"

"ఉంది. గా భయం నాది. బంతి నీది."

తనూష హెల్మెట్ పెట్టుకుంది.

తడిసిన బంతి ప్రణీత్ చేతుల్లోంచి జారింది. ఆమె అప్పటికే పరుగందుకుంది. అతను బంతిని బురదలోంచి లాగి వంకరగానే నిలబెట్టాడు. ఆమె ఆగలేదు. తన్నింది. మరుక్షణం ఎవరో ప్రణీత్ మీద పడ్డారు.

బురదలో మొహం. చెవుల్లో వాన హోరు. తర్వాత బెంచీ మొత్తం ఒక్కసారిగా అరిచింది.

"సూసినావా?" పక్కనే మోకాళ్ల మీద తనూష.

"మన్ను తప్ప ఏం చూడలె. పోయిందా?"

"నడుమ నుంచి పోయింది! గెలిచినాం లా!"

ఆమె అతన్ని లేవదీసింది. అతను ఆ చెయ్యి వదల్లేదు. "నిన్ను దింపొద్దని ఎందుకన్ననో తెలుసా?"

"తెలుసు. అయినా నోటితో సెప్పు."

"నువ్వంటే ఇష్టం. మస్తు ఇష్టం."

"మస్తంటే ఏటి?"

"శానా."

"అయితే నాకూ మస్తే."

"తనూషా!" అని వెనక నుంచి పిలుపు. వాళ్ల నాన్న అప్పన్న. హుటాన్ మెలింటాంగ్ అనే ఊళ్లో పడవలు బాగుచేస్తాడు. ఫైనల్ అని తెలిసి, చెప్పకుండానే బస్సెక్కి వచ్చేశాడు. కలిసి ఉన్న చేతుల్ని చూశాడు. వాళ్లు గబుక్కున విడిపించుకోవడమూ చూశాడు.

"ఈ కుర్రోడెవుడు?"

"నాకు బంతి పట్టేవాడు, నాన్నా."

"మా బాగా పట్టినాడు! జారిపోయినా వదల్లేదు."

"థ్యాంక్యూ సర్," అన్నాడు ప్రణీత్, మొహం మీది బురద తుడుచుకుంటూ.

"సారేటి? నానేటి ఇస్కూలు మేస్టర్నా? మావయ్యా అను."

ప్రణీత్ గొంతు సవరించుకున్నాడు. "మామా."

తనూష రెండు చేతులతో మొహం కప్పుకుంది. అప్పన్న తన గొడుగు ప్రణీత్ చేతిలో పెట్టాడు.

"ఇద్దరూ దీని కింద నిలబడండి. నానెళ్లి మీరు గెలిచిన కప్పు సూసొస్తాను." తడుస్తూనే టీమ్ వైపు నడిచాడు ఆయన, ఎంతకీ వెనక్కి తిరిగి చూడకుండా.