పదకొండు గంటల స్కాన్

పొద్దున ఎనిమిదింటికి భర్త లిఫ్టుల మరమ్మతు పనికి బయల్దేరగానే ఆమె కంప్యూటరు ముందు కూర్చుంటుంది. ఒకసారి కూర్చుందంటే ఇక లేపడం ఎవరి తరమూ కాదు. చిన్నపిల్లల పాఠ్యపుస్తకాలకు బొమ్మలు వేయడం ఆమె పని. ఏనుగు చెవి మడత కుదరకపోతే గంటసేపు దాంతోనే కుస్తీ పడుతుంది. మణికట్టు నొప్పెడుతున్నా, పక్కన పెట్టిన టీ చల్లారి మీగడ కట్టినా పట్టదు.

హాల్లో కిటికీ పక్క కుర్చీ మామగారిది. నలభై ఏళ్లు వాచీలు బాగుచేసిన మనిషి. అత్తగారు పోయి, చేతులు వణకడం మొదలయ్యాక కొట్టు మూసేసి, కంటికి బిగించుకునే భూతద్దం ఒక్కటి జేబులో వేసుకుని కొడుకింటికి వచ్చేశారు. చేతులు మొండికేసినా చెవులు మాత్రం పాముచెవులే. గోడ గడియారం టిక్కుల్లో ఏమాత్రం తేడా వచ్చినా కునుకులోంచి లేచి మరీ చెప్పేస్తారు.

ఆ సోమవారం సరిగ్గా పదకొండింటికి కంప్యూటరు ఫ్యాను గుర్రుమంది. తెర మూల చిన్న పెట్టె తెరుచుకుంది: 'పూర్తి స్కాన్ జరుగుతోంది.' ఆమె ఇక్కడ గీత గీస్తే అది తీరిగ్గా మూడు సెకన్ల తర్వాత తెర మీదికి వస్తోంది.

"మళ్లీనా!" అని తల పట్టుకుంది.

"ఏమైందమ్మాయ్?" హాల్లోంచి మామగారు.

"వైరస్‌లున్నాయేమోనని వెతుకుతోంది మామయ్యా. నలభై నిమిషాలు దీంతో పని కాదు."

"అయితే రా. టీ పెట్టాను."

విధిలేక వెళ్లింది. ఆ నలభై నిమిషాలూ ఆయన కబుర్లే. రోజూ ఆఫీసుకి ఆలస్యంగా వెళ్లి, నెపం వాచీ మీదికి నెట్టిన గుమస్తా సంగతి చెప్పారు. వాచీ మింగేసిన పిల్లిని పట్టుకొచ్చి 'ఎన్నింటికి బాగవుతుంది?' అని అడిగిన ఇల్లాలి సంగతి చెబితే ఆమె పడీపడీ నవ్వింది.

ఈ స్కాన్ పెట్టింది భర్తే. ఆర్నెల్ల క్రితం ఆమె ఏదో పిచ్చి మెయిలు తెరిచి నెల రోజుల బొమ్మలు పోగొట్టుకుంది. అప్పట్నించీ అతనికి భద్రత పిచ్చి పట్టుకుంది. రోజూ పదకొండింటికి స్కాన్ జరగాలని పెట్టేశాడు. పని వేళ వద్దని పోట్లాడి, ఆమె దాన్ని రాత్రి రెండింటికి మార్చుకుంది. వారం తిరక్కుండానే అది మళ్లీ పదకొండుకి వచ్చి కూర్చుంది. మార్చింది. మళ్లీ వచ్చింది. సోమవారం సాయంత్రం కూడా మార్చింది, బుధవారానికి మళ్లీ పదకొండే. ఆ రాత్రీ మార్చింది. ఇదంతా మొగుడి నిర్వాకమేనని తీర్మానించుకుంది.

గురువారం భర్తకి సెలవు. ఆమెకి మాత్రం ప్రాణం మీదికొచ్చిన రోజు. పుస్తకంలో ఆఖరి పేజీ మధ్యాహ్నం పన్నెండులోగా పంపాలి. వేళకి అందితే ఏడాది పొడుగునా రాబోయే అయిదు పుస్తకాలూ ఆమెకే ఇస్తామని ప్రచురణకర్త మాటిచ్చాడు. వర్షంలో ఒకే గొడుగు కింద నడిచే ఏడుగురు పిల్లల బొమ్మ అది. పొద్దున్నించీ వంచిన తల ఎత్తలేదు. బొమ్మని సేవ్ చెయ్యడం కూడా మరిచిపోయింది.

పదకొండయింది. ఫ్యాను గుర్రుమంది. తెర బిగుసుకుపోయి, బొమ్మలేసే ప్రోగ్రాము దానంతటదే మూసుకుపోయింది. గొడుగూ పిల్లలూ అందరూ మాయమయ్యారు.

"ఏమండీ! ఒకసారి ఇలా రండి!"

ఆ కేకకి భర్త తువ్వాలుతోనే పరిగెత్తుకొచ్చాడు.

"నా పనంటే మీకు ఆటగా ఉందా? నేను మార్చిన ప్రతిసారీ మళ్లీ పదకొండుకి పెడతారా?"

"నేనా? నీ కంప్యూటరు ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతావని నాకు తెలీదూ?"

"మరి దానంతటదే మారుతోందా? దెయ్యమేమైనా పట్టిందా?"

"ఏమో, వాలకం చూస్తే కంప్యూటరుకే పట్టిందనిపించట్లేదు..."

అతని హాస్యం ఆ క్షణంలో నిప్పు మీద నూనె పోసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపంతో కీబోర్డు ఇవతలికి లాగింది. దాని వెనకనుంచి ఏదో దొర్లి కింద పడింది. కంటికి బిగించుకునే భూతద్దం.

ఇద్దరూ దానివంక చూశారు. తలెత్తేసరికి మామగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"వాణ్ణి అనకమ్మా. నేనే."

"మీరా మామయ్యా? మీకిదంతా ఎలా..."

"నువ్వు మార్చేటప్పుడు వెనక నిలబడి చూశాను. అలారం పెట్టడంలాంటిదే కదా. మౌసు ఒక్క చేతికి నిలవడం లేదు, రెండు చేతులతో పట్టుకున్నాను. నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు."

"ఎందుకు మామయ్యా?"

"మొదట్లో వాడు పదకొండుకి పెట్టినప్పుడు నువ్వు లేచొచ్చి నా ఎదుట కూర్చునేదానివి. తర్వాత రావడం మానేశావు. నీ మణికట్టు నొప్పికి కాస్త విశ్రాంతి దొరుకుతుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నీ చేతికోసమే అంటే అబద్ధం. పదకొండింటికి మీ అత్తయ్య కొట్టుకి టీ తెచ్చేది. ఎంత పెద్దమనిషి వాచీ చేతిలో ఉన్నా పక్కన పెట్టేవాణ్ణి. తను పోయాక ఆ వేళ గడవట్లేదమ్మా. నీ పని చెడుతుందన్న ధ్యాసే లేకపోయింది. సిగ్గుగా ఉంది."

ఆమె కోపం వెంటనే దిగలేదు. "ఇంత చేసే బదులు నన్ను రమ్మని పిలవచ్చుగా?"

"పిలిచాను. ఇదిగో వస్తున్నానన్నావు. సాయంత్రమైంది."

నిజమే. ఎన్ని రోజులు అలా అందో లెక్కలేదు. తనని పిలిచి, వస్తుందేమోనని ఎదురు చూస్తూ ఆ కుర్చీలో ఒక మనిషి కూర్చున్నాడని ఒక్కసారైనా తోచలేదు. భూతద్దం తీసి, కొంగుతో తుడిచి, ఆయన చేతిలో పెట్టింది. ఆ చెయ్యి వణుకుతుంటే రెండు చేతులతో పట్టుకుంది.

ప్రచురణకర్తకి ఫోన్ చేసి బతిమాలితే అయిదు గంటల దాకా గడువిచ్చాడు. ఆమె బొమ్మ మొదట్నించీ మళ్లీ వేయడానికి కూర్చుంది. భర్త వంటింట్లోకి దూరాడు. మామగారు ఊపిరి కూడా గట్టిగా పీల్చకుండా కూర్చున్నారు. అయిదుకి పది నిమిషాలుందనగా బొమ్మ వెళ్లింది. కాసేపటికి జవాబొచ్చింది: అయిదు పుస్తకాలూ ఆమెవే.

"దానికి తాళమేదో వెయ్యమ్మా," అన్నారు మామగారు. "నా చేతులు ఊరుకోవు."

స్కాన్‌ని ఆదివారం సాయంత్రానికి మార్చి, పాస్‌వర్డ్ పెట్టేసింది.

మర్నాడు పదకొండు కొట్టింది. మామగారు టీ పెట్టలేదు, ఎవరినీ పిలవలేదు. కిటికీలోంచి వీధి చూస్తూ కూర్చున్నారు. గదిలో కుర్చీ జరిగిన చప్పుడైంది. కాసేపటికి కోడలు రెండు కప్పులతో వచ్చి ఎదురుగా కూర్చుంది.

"స్కాన్ మొదలైంది మామయ్యా."

ఆయన గది వైపు చెవి తిప్పారు. ఫ్యాను చప్పుడు లేదు. పొద్దున్నించీ లేదు. కోడలి ముఖంలోకి చూశారు. కళ్లు చెమర్చాయి.

"ఎంతసేపు పడుతుందట?"

"నలభై నిమిషాలు."

"అయితే తొందరేం లేదు," అంటూ మామగారు రెండు చేతులతో కప్పు అందుకున్నారు.