వచ్చే శనివారానికి ఒక జడ

“అది ఈ ఇంటి పిల్ల అయితే నేను కానని అర్థం. అంతే కదమ్మా?”

రెనీటా చెంచా పళ్ళెంలో పెట్టేసి ఆ మాట అంది. ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనానికి కూర్చున్న వేళ... వేడి వేడి మొక్కజొన్న రొట్టెను ఇంకా ఎవరూ తుంచనైనా లేదు. తల్లి వెర్నెల్ చేసిన నేరమల్లా ఒక్కటే. “వచ్చే సోమవారం కోర్టుకు రమ్మన్నారు, జకైలా దత్తత ఆ రోజుతో పూర్తయిపోతుంది” అని సంతోషం పట్టలేక చెప్పేసింది.

“మెల్లగా మాట్లాడవే. వంటింట్లో ఉంది.”

“వింటే విననీ. ఈ వయసులో మొగుణ్ణి వదిలేసి పుట్టింటికొస్తే నా గదిలో అది, సోఫా మీద నేను. పోనీలే అని సర్దుకున్నాను. కానీ ఒకటి చెప్పమ్మా. నా చిన్నప్పుడు ఒక్కనాడు నా తల దువ్వావా? చింపిరి జుట్టుతో బడికెళ్తే చీపురుకట్ట అని పిలిచేవాళ్ళు నన్ను. నాకు లేని తీరిక ఎవరెవరి పిల్లలకో ఎక్కణ్ణుంచి వచ్చింది?”

వంటింటి గుమ్మంలో జకైలా తీపి టీ కూజా పట్టుకుని నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో ఏమో... కూజా బల్ల మీద జాగ్రత్తగా పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా, “ఐసు మర్చిపోయాను” అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట ఆ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు.

అలబామాలోని ఆ చిన్న ఊరికి వెర్నెల్ తలలో నాలుక. మొగుడు పోయిన నాటి నుంచి కోళ్ళ ఫ్యాక్టరీలో రెండేసి షిఫ్టులు చేసి కూతుర్ని పెంచింది. కోసి కోసి వేళ్ళు వంకర్లు పోయాక ఇంట్లో కూర్చోమన్నారు. కూర్చోవడం చేతనైతే కదా! ఆడబిడ్డ ఆర్లీథాను వెంటబెట్టుకుని చర్చి కింది హాల్లో శనివారాలు పిల్లలకు జడలు వేయడం మొదలుపెట్టింది. కన్నవాళ్ళ దగ్గర ఉండే వీల్లేక ప్రభుత్వం వేరే ఇళ్ళలో ఉంచిన పిల్లలు వాళ్ళు. తమదనే ఇల్లు ఎప్పటికి దొరుకుతుందా అని ఎదురుచూసే పిల్లలు. వాళ్ళలో నల్లపిల్లలు చాలామందే, వాళ్ళను ఉంచుకున్నవాళ్ళేమో తెల్లవాళ్ళు. పాపం మంచివాళ్ళే, కానీ ఆ ఉంగరాల జుట్టును ఏం చెయ్యాలో తెలియక రోజూ షాంపూ రుద్ది ఎండుగడ్డి చేసేవారు. హాల్లో ఆడవాళ్ళు కుర్చీల్లో, పిల్లలు వాళ్ళ మోకాళ్ళ మధ్య కింద. తలంతా సన్నసన్న జడలు అల్లేసరికి పూటంతా గడిచిపోయేది. ఆ పూటంతా నూనె వాసన, వేయించిన కోడి, ఊళ్ళో వాళ్ళందరి గుట్టూ.

అప్పట్లో జకైలాను ఉంచుకున్న డార్లా అనే తెల్లావిడ పిల్లను మొదటిసారి అక్కడికి తీసుకొచ్చినప్పుడు ఆ పిల్ల జుట్టు అట్ట కట్టి ఉంది. “గొరిగించెయ్యమంటారా?” అని అడిగింది డార్లా బిక్కమొహంతో. “గొర్రెపిల్లా ఏంటమ్మా గొరగడానికి” అని వెర్నెల్ వాళ్ళను కూర్చోబెట్టింది. ఒక్కొక్క చిక్కూ విడదీసి, జడలన్నీ అల్లి, మెడ మీది ఆఖరి పాయ చేతిలోకి తీసుకోగానే పిల్ల చటుక్కున మెడ మీద చెయ్యి అడ్డం పెట్టింది.

“అది వద్దు. అది వచ్చే శనివారానికి.”

వెర్నెల్ ఆ పాయను వదిలి దువ్వెన పక్కన పెట్టేసింది. ఎన్ని ఇళ్ళు మారిందో లెక్కపెట్టడం మానేసిన పిల్ల అది. ఒక జడ మిగిలి ఉంటే ‘అయిపోయిందిగా, ఇంకెందుకు వెళ్ళడం’ అని ఎవరూ అనలేరని దాని ఆలోచన. అప్పటి నుంచి ఎప్పుడూ ఆ ఒక్క పాయా మిగిలేది. చలికాలంలో వెర్నెల్ ఇంటికే వచ్చేసి అక్కడే ఉంటున్నా, దాన్ని మాత్రం అల్లనివ్వలేదు. “ఆ కుందేలు తోక ఎప్పుడు కట్టిస్తావే?” అని ఆర్లీథా ఏడిపించేది. “వచ్చే శనివారం ఆంటీ” అని నవ్వేది జకైలా.

కోర్టుకు ముందు శనివారం హాలంతా పండగలా ఉంది. సోమవారం జకైలా మెరిసిపోవాలని వెర్నెల్ పొద్దున్నే మొదలుపెట్టింది. సగం తల పూర్తయ్యేసరికి వేళ్ళు ముడుచుకుపోయాయి. వేడినీళ్ళలో చేతులు ముంచి వచ్చేసరికి పిల్ల లేచి నిలబడి ఉంది.

“ఇంక చాలు పెద్దమ్మా.”

“సగమే అయిందిగా తల్లీ...”

“జడ్జిగారు అడిగితే నాకు ఇష్టం లేదని చెప్తాను. పద్నాలుగేళ్ళు దాటాయిగా, నేను ఒప్పుకోకపోతే కుదరదంటగా.” పిల్ల భుజాల మీది తువ్వాలు తీసి మడతపెట్టి కుర్చీలో పెట్టింది. “ఎక్కడికెళ్ళినా నాకోసం ఎవరో ఒకళ్ళు మంచం ఖాళీ చేస్తారు. కొన్నాళ్ళకి వాళ్ళకి ఆ మంచం కావాల్సొస్తుంది, నా సామాను సర్దుతారు. రెనీటా అక్కది న్యాయమే పెద్దమ్మా. అది ఆవిడ గది. ఆవిడ అమ్మవి నువ్వు.”

ఒకవైపు నిగనిగలాడే జడలు, ఒకవైపు పొంగిన జుట్టు... అలాగే వెళ్ళి, వేరే పిల్లను జడలకు తీసుకొచ్చిన డార్లా కారెక్కింది. దువ్వెన పట్టుకుని వెర్నెల్ అలాగే నిలబడిపోయింది. ఏడుపు ఆపుకోవాలని కూడా ఆమెకు తోచలేదు.

ఇంటికి రాగానే ఆర్లీథా మేనకోడలు రెనీటా మీదికి ఒంటికాలిపై లేచింది. “చల్లబడిందా నీ కడుపు? నోరు పారేసుకున్నావు, పిల్ల వెళ్ళిపోయింది. ఇంక కాళ్ళు చాపుకుని పడుకో గదిలో.”

“దాన్ని ఏమీ అనకు” అంది వెర్నెల్. సోఫాలో కూతురి పక్కన కూలబడింది. “అది అన్నదాంట్లో అబద్ధం ఏముంది? రెనీటా... నేను షిఫ్టు దిగి వచ్చేసరికి నువ్వు నిద్రపోయేదానివి. నీ తల మీద చెయ్యి వేసి కూర్చునేదాన్ని, దువ్వితే లేస్తావని భయం. ఆ హాల్లో ఎవరి తల ముట్టుకున్నా నాకు నీ తలే కనబడుతుందే. నీకు వెయ్యని జడలన్నీ అక్కడ వేస్తున్నాను. ఎన్ని వేసినా తీరడం లేదు.”

రెనీటా తల్లి చేతుల వంక చూసింది. బొటనవేళ్ళు లోపలికి ముడుచుకుని, కణుపులు వాచి ఉన్నాయి. పుట్టింటికి వచ్చిన ఇన్ని నెలల్లో ఆ చేతుల్ని ఆమె ఒక్కసారీ సరిగ్గా చూడలేదు. లేచి బయటికి వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున వెర్నెల్ లేచేసరికి సోఫా మీద దుప్పటి మడతపెట్టి ఉంది. రెనీటా లేదు. ఒక కూతుర్ని తెచ్చుకోబోయి ఇద్దర్నీ పోగొట్టుకున్నానా దేవుడా అనుకుంటూనే వెర్నెల్ టోపీ పెట్టుకుంది.

కోర్టు వరండాలో నిలబడ్డానికి చోటు లేదు. శనివారం ఆడవాళ్ళందరూ చర్చి టోపీలు పెట్టుకుని వచ్చేశారు. పిల్ల వద్దంటుందని వాళ్ళకు తెలుసు. అయినా దాని వైపున నలుగురు ఉన్నారని జడ్జిగారు చూడాలి కదా అన్నది ఆర్లీథా వాదన. డార్లా పక్కన జకైలా తల చుట్టూ రుమాలు కట్టుకుని, కళ్ళు నేలకు దించుకుని కూర్చుంది.

అప్పుడు వచ్చింది రెనీటా, రొప్పుతూ. చేతిలో తల్లి నూనె సీసా, దువ్వెనలు ఉన్న సంచి. నేరుగా బల్ల మీద కూర్చుని, కాళ్ళు ఎడం చేసి, ముందున్న నేల చూపించింది.

“రా. కూర్చో.”

“వద్దక్కా.”

“లోపల అవునంటావో కాదంటావో నీ ఇష్టం. సగం తలతో మాత్రం నిన్ను ఆ గుమ్మం దాటనివ్వను. మా అమ్మ పరువేం కాను?”

ఎవరో కిసుక్కుమన్నారు. జకైలా లేచి వచ్చి కూర్చుంది. రెనీటా రుమాలు విప్పింది. ఎనిమిదేళ్ళప్పుడు అద్దం ముందు ఒంటరిగా కూర్చుని తనకు తానే నేర్చుకున్న వేళ్ళవి. పారుతున్న నీళ్ళలా కదిలాయి. ఆర్లీథా ఒక పక్క, డార్లా ఒక పక్క చేరి పాయలు విడదీసి అందించసాగారు.

“అత్తయ్య ఇంట్లోంచి ఇంకో మంచం లాక్కొచ్చాను” అంది రెనీటా వంచిన తల ఎత్తకుండానే. “గదిలో రెండూ పట్టాయి. కిటికీ వైపుది నాది, దానికోసం కొట్లాడకు. నేనెక్కడికీ పోను. నువ్వూ పోవద్దు. గురక పెడితే మాత్రం తంతాను.”

జకైలా మోకాళ్ళలో మొహం దాచుకుంది. “తల ఎత్తు, జడ వంకరపోతుంది” అంటున్న రెనీటా కళ్ళ నుంచే నీళ్ళు ఆ జుట్టులోకి రాలుతున్నాయి.

గుమస్తా వచ్చి పేరు పిలిచాడు. ఎవరూ కదల్లేదు. రెండోసారి పిలిచేసరికి తలుపు తెరుచుకుని జడ్జిగారే తొంగి చూశారు. నెరిసిన జుట్టు పెద్దావిడ. నేల మీది పిల్లనూ, చుట్టూ ఉన్న టోపీలనూ, ఆడుతున్న వేళ్ళనూ చూశారు.

“ఇంకా చాలాసేపు పడుతుందా?”

“పడుతుందండీ” అంది రెనీటా.

“సరే, మిగతా వాళ్ళవి ముందు చూస్తాను. హడావిడి పడి పాడుచెయ్యకండి” అని తలుపు వేసేసుకున్నారు.

తల దాదాపు పూర్తయింది. రెనీటా మెడ మీది ఆఖరి పాయ పట్టుకోగానే వెర్నెల్ చప్పున ముందుకు వంగింది.

“అది వదిలెయ్యమ్మా. అది వచ్చే శనివారానికి ఉంచుకుంటుంది.”

రెనీటా వేళ్ళు ఆగిపోయాయి. జకైలా చెయ్యి నెమ్మదిగా మెడ మీదికి వెళ్ళింది. ఆ పాయను తడిమి చూసుకుని, తీసి రెనీటా చేతిలో పెట్టింది.

“ఇది కూడా వేసెయ్ అక్కా. ఇంక మిగల్చక్కర్లేదు.”

వెర్నెల్ రెండు చేతుల్లో మొహం కప్పుకుంది. ఆర్లీథా టోపీ ఊడిపడేలా ఆమెను వాటేసుకుంది. డార్లా ముక్కు చీదుకుంది. రెనీటా ఆ చివరి జడ అల్లి, కొసన పసుపు పూస గుచ్చి, పిల్లను లేపి తన పక్కన నిలబెట్టుకుంది. అందరూ కలిసి లోపలికి నడిచారు. జడ్జిగారు కళ్ళద్దాలు సర్దుకుని అడగవలసిన ప్రశ్న అడిగారు గానీ, ఆ పిల్ల జవాబు అందరికన్నా చివర విన్నది ఆవిడే.