హెజిటేట్‌కి ఒక సొంత వాక్యం

గురువారం సాయంత్రం ఆరున్నరకు, రావల్పిండి సిక్స్త్ రోడ్డులోని ఒక స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో, రుమైసా ఉర్దూలో మాట్లాడింది.

ఆ గదిలో ఉర్దూ మాట్లాడినవాళ్ళు మర్నాడు అందరికీ సమోసాలు తేవాలి. రుమైసా ఎప్పుడూ తేలేదు. ఎక్కువసార్లు తెచ్చింది సఫ్వాన్. అతను పగలు తన తండ్రి నడిపే కళ్ళజోళ్ళ దుకాణంలో కూర్చుంటాడు. చేరిన రోజే, "కాస్త ఫ్యాన్ వేస్తారా" అని ఉర్దూలో అడిగాడు. ముందు బెంచీలోంచి రుమైసా వెనక్కి తిరిగి, "రేపు చట్నీ మర్చిపోకండి" అని ఇంగ్లీషులో చెప్పింది.

తర్వాత కూడా అతను తరచు ఉర్దూలో నోరు జారేవాడు. ప్రతిసారీ ఆమె వెనక్కి తిరిగేది. కావాలనే జారుతున్నాడని క్లాసులో అనుకునేవారు.

క్లాసు అయ్యేసరికి రుమైసా అన్న జునైద్ మోటారుసైకిల్‌తో గేటు దగ్గర ఉండేవాడు. అంటే ఆమెకి ఏం చెప్పాలన్నా గదిలోనే చెప్పాలి, ఇంగ్లీషులోనే చెప్పాలి.

బుధవారం మెట్లు దిగుతూ రుమైసా స్నేహితురాలితో అంది: "ఆదివారం గుజ్రాన్‌వాలా నుంచి చూడ్డానికి వస్తున్నారట. ట్రాలీ తోసుకుంటూ టీ పట్టుకెళ్ళాలి. అబ్బాయి ఫొటో కూడా చూపించలేదు."

వెనక మెట్టు మీద సఫ్వాన్ ఉన్నాడు.

గురువారం దుకాణంలో అతను ఒకరి కళ్ళజోడు ఇంకొకరికి ఇచ్చి పంపాడు. "ఆయన రోడ్డు దాటుతూ మేకకి సలాం చేశాడట్రా," అన్నాడు తండ్రి. "నీ ధ్యాస ఎక్కడుంది?"

సాయంత్రం మిస్ ఫరీహా బోర్డు మీద 'హెజిటేట్' అని రాసి, కింద ఉర్దూలో 'ఝిఝక్‌నా' అని అర్థం రాశారు.

"చెయ్యాలని ఉంటుంది, అడుగు పడదు," అని ఇంగ్లీషులో చెప్పారు. "ఏ పనికి అడుగు పడటం లేదో అదీ చెప్పాలి. సొంత జీవితంలోంచి. కల్పించినవి ఒప్పుకోను."

ఒకడు హాస్టల్ పప్పు తినడానికి అన్నాడు. రుమైసా లేచి, "ముక్కూమొహం తెలియనివాళ్ళకి టీ పొయ్యడానికి," అని చెప్పి కూర్చుంది.

సఫ్వాన్ వంతు వచ్చింది. లేచాడు.

"ఐ హెజిటేట్ టు..."

"టు వాట్?" అన్నారు మిస్.

"టు సెండ్ మై మదర్."

"వేర్?"

సఫ్వాన్ బోర్డు వైపు చూశాడు. తర్వాత ముందు బెంచీ వైపు చూశాడు. అబ్బాయి తల్లి వెళ్ళేది సంబంధం అడగడానికేనని అర్థమై వెనక ఎవరో నవ్వారు.

"వద్దంటారేమోనని," అని ఇంగ్లీషులో మాటలు కూడబలుక్కుంటూ అన్నాడు. "వద్దంటే, ఆ తర్వాత నేను ఈ క్లాసుకు రాలేను."

రుమైసా వెనక్కి తిరిగింది. ఉర్దూలో అంది: "మరి ఎప్పుడు పంపుతారండీ? ఆదివారం వాళ్ళు టీ తాగి వెళ్ళిపోయాకా?"

ఎవరూ నవ్వలేదు.

"రుమైసా, సమోసా," అన్నారు మిస్ ఫరీహా.

"తెస్తాను మిస్."

ఆ రాత్రి సఫ్వాన్ తల్లికి చెప్పాడు. రుమైసా ఇంటి నంబరు మిస్ ఫరీహా ఇచ్చారు. శుక్రవారం ఉదయం తల్లులిద్దరూ ఫోనులో మాట్లాడుకున్నారు. ఏమనుకున్నారో సఫ్వాన్ తల్లి చెప్పలేదు. "క్లాసుకి వెళ్ళు. చొక్కా మార్చుకుని వెళ్ళు," అంది.

సాయంత్రం రుమైసా చట్నీ సీసాతో వచ్చింది. వెనక సమోసాల పెట్టె పట్టుకుని జునైద్ మెట్లెక్కి వచ్చాడు.

"సఫ్వాన్ ఎవరు?" అన్నాడు, ఉర్దూలో.

సఫ్వాన్ లేచి నిలబడ్డాడు. జునైద్ అతన్ని పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఆ కళ్ళజోళ్ళ కొట్టు మీదేనా? మా మామయ్యకి మేక మనిషిలా కనపడింది మీ అద్దాల్లోంచేనట."

"మార్చి ఇచ్చేశాం భాయ్..." అనబోయి సఫ్వాన్ ఆగి, అదే మాట ఇంగ్లీషులో చెప్పాడు.

"సరేలే. గుజ్రాన్‌వాలా వాళ్ళని రావద్దని చెప్పాం. ఆదివారం మీ అమ్మీ వస్తున్నారు కదా. కారం తింటారా అని మా అమ్మీ అడగమంది."

రుమైసా చట్నీ సీసా మూత తిప్పుతోంది. అది అప్పటికే ఊడి వచ్చింది.

"తింటారు భాయ్," అన్నాడు సఫ్వాన్ ఉర్దూలో. "ఎంత కారమైనా తింటారు."

శనివారం సమోసాలు సఫ్వాన్ తెచ్చాడు.