మెట్లెక్కి అడగాల్సిన పిల్ల

"పైకి రండి కూయా, మేడమ్ పిలుస్తున్నారు!"

మునిసిపాలిటీ ఆఫీసు మేడ మీద కిటికీలోంచి ఒకమ్మాయి కేకేసింది. కింద వానలో నేను, నా చక్రాల కుర్చీ. ఒళ్లో చుట్ట చుట్టిన బ్యానర్, నేనే డిజైన్ చేసింది: ‘వికలాంగుల వారోత్సవం. అందరికీ మా తలుపులు తెరిచే ఉంటాయి.’

"తలుపులు సరేనండీ, మెట్ల సంగతేంటి?" అని అరిచాను.

అప్పుడు చూసింది కుర్చీని. నాలిక్కరుచుకుని, గొడుగు కూడా మర్చిపోయి గబగబా దిగొచ్చింది.

"సారీ కూయా. మీవాళ్ల ఆఫీసు పైనే ఇచ్చారు. కింద ఖాళీ లేదట."

"వికలాంగుల ఆఫీసు మేడ మీదా? మరి లిఫ్టు?"

"వస్తుంది."

"ఎప్పుడు?"

"నేను ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ వస్తూనే ఉంది."

కోపంగా ఉందామనుకున్నాను గానీ నవ్వొచ్చేసింది. ర్యాంపులు కట్టాలనే చట్టం మా దేశంలో నాకంటే వయసులో పెద్దది. అయినా మా ఊరి మెట్లెక్కడం దానికీ చేతకాలేదు.

"ఇంకోమాట. ఆ ‘కూయా’ అనే పిలుపొకటి మానండి. మీకు అన్నయ్యనయ్యే ఉద్దేశం నాకు లేదు."

"అబ్బో! ఒళ్లంతా తడిసినా పొగరు తడవలేదే!"

ఆ పిల్ల పేరు మారివిక్. ర్యాంపు కోసం నేనిచ్చిన ఫిర్యాదు మాకు మంచి సాకు అయింది. నేను వెళ్లి కింద నుంచి పిలవడం, ఆమె దిగొచ్చి కింది మెట్టు మీద కూర్చోవడం, ఇద్దరం పాకం పట్టిన అరటి తురోన్ చెరిసగం తినడం.

"నా ఫిర్యాదు కదిలిందా?"

"లేదు. కదిలితే రేపు ఏ వంకతో వస్తావు?"

పెళ్లి మాట ఆమే ఎత్తింది. ఆ వెంటనే ముఖం వాడిపోయింది. మా వైపు మగపెళ్లివారు పిల్ల ఇంటి మెట్లెక్కి, పెద్దల ముందు కూర్చుని అడగాలి. అదీ ఆచారం. మారివిక్ వాళ్లది ఏటి ఒడ్డున, వరద అందకుండా పొడవాటి స్తంభాల మీద కట్టిన ఇల్లు.

"నాన్నని కిందికి రమ్మని బతిమాలాను రోడెల్. ‘నేనూ మీ అమ్మని మెట్లెక్కే అడిగాను, అతనూ ఎక్కాల్సిందే’ అన్నాడు."

ఆదివారం మధ్యాహ్నం, ఆకుల్లో చుట్టిన తీపి అన్నంతో బయల్దేరాం. మా కార్డింగ్ మామయ్య తన తెలివితేటలన్నీ ఉపయోగించాడు. తిరునాళ్లలో దేవుడి విగ్రహాన్ని మోసే వెదురు బొంగులు చర్చి నుంచి అడిగి తెచ్చి, వాటికి నా కుర్చీ కట్టాడు. నలుగురు భుజాలకెత్తుకున్నారు. వీధిలో పిల్లలు ఊరేగింపనుకుని "వీవా! వీవా!" అని జేజేలు. ఓ ముసలామె అలవాటుకొద్దీ శిలువ గుర్తు కూడా వేసుకుంది. మామయ్య మురిసిపోతున్నాడు. నాకేమో భూమి చీలితే బాగుండుననిపించింది.

పైన అందరూ మాట్లాడారు, నాతో తప్ప. మారివిక్ నాన్న బెర్తింగ్, మా మామయ్యకేసే చూసి అన్నాడు:

"కుర్రాడు మంచివాడేనయ్యా. కానీ మీవాడిని నా ఇల్లెక్కించడానికి నలుగురు కావాల్సొచ్చింది. రేపు నా కూతురు ఒక్కతే."

"నన్నెవరూ మోయక్కర్లేదండీ," అన్నాను. "ఒక్క ర్యాంపుంటే చాలు."

"నీకోసం ఊళ్లో ఇళ్లన్నీ మార్చుకోవాలా బాబూ?"

అవునండీ, అనాల్సింది.

బొంగుల కోసం లేచిన మామయ్యని ఆపేశాను. "నన్ను ముట్టుకోవద్దు. కుర్చీ కిందికి దింపించు చాలు."

నేలమీదికి జారి, కూర్చునే ఒక్కో మెట్టూ దిగడం మొదలుపెట్టాను. చినుకులు. పక్కన చప్పుడైతే చూశాను. పండగ గౌనులో మారివిక్, నాలాగే కూర్చుని దిగుతోంది.

"నీకేమొచ్చింది?"

"తోడు వస్తున్నా. ఎక్కువ మాట్లాడకు, జారతావు."

ఇద్దరం ఏడుస్తూనే నవ్వుకున్నాం. కింది మెట్టు దాకా వచ్చేసరికి పై నుంచి బెర్తింగ్ గొంతు:

"మారివిక్! ఆ మెట్టు దిగితే మళ్లీ ఎక్కక్కర్లేదు!"

మామయ్య నన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు. చక్రం పక్కనే ఆమె చెప్పులున్నాయి, ఇంటిల్లిపాదీ విడిచే చోట.

"వేసుకో, మారివిక్. పోదాం."

"అమ్మ ఏడుస్తోంది, వినపడుతోందా?"

"వినపడుతోంది. వేసుకో."

వంగి చెప్పులు తీసుకుంది. వాన నీళ్లు దులిపి, ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత వాటిని చేత్తో పట్టుకునే పైకి వెళ్లిపోయింది. మా ఊళ్లో ఎవరూ చెప్పులు ఇంట్లోకి తీసుకెళ్లరు; నాకోసం మళ్లీ దిగాలనుకుంటే కిందే వదిలేది.

మర్నాడు ఆఫీసుకెళ్లి కింద నుంచి పిలిచాను. కిటికీలోకి వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. కిటికీ పక్కనే నా బ్యానర్ వేలాడుతోంది.

"మారివిక్, ఒక్కసారి దిగిరా!"

తల అడ్డంగా ఊపి, లోపలికి వెళ్లిపోయింది. ఆమె దిగకపోతే నాకింకో దారి లేదు. ఆ మెట్ల ముందే కూర్చుని, సిగ్గు విడిచి ఏడ్చాను.